చార్మినార్ మీద మా శాలువా

ఆ రోజుల్లో మా ఇంట్లో నమ్మకాన్ని అమ్మేవాళ్లే తప్ప కొనేవాళ్లు ఉండేవారు కాదు. తరాలుగా బట్టల వ్యాపారం మాది. "మా మాట నమ్మి తీసుకపోన్రి" అని పొద్దంతా గిరాకీలకు చెప్పే మా పెద్దబాపు, సాయంత్రం ఇంటికి రాగానే పాలవాడు పోసిన పాలను గోటి మీద చుక్క వేసి నిలబడుతుందో జారుతుందో చూసేవాడు. పంచాంగంలో తిథిని కూడా ఇంకో పంచాంగంతో సరిచూసేవాడు. ఆయన తప్పేమీ లేదు. బట్టల వ్యాపారం అలాంటిది. పట్టు అని వచ్చింది పట్టు కాదు, నూలు అని వచ్చింది నూలు కాదు. కళ్లు మోసపోతాయి గానీ బొటనవేలూ చూపుడువేలూ మోసపోవు అన్నది మా ఇంటి వేదం. ఏ గుడ్డ కనిపించినా ఆ రెండు వేళ్ల మధ్య నలిపి చూడటం మాకు పుట్టుకతో వస్తుంది. (ఉయ్యాలలో ఉన్నప్పుడే నేను పక్కబట్టను నలిపి చూసి ఏడ్చానని మా పెద్దమ్మ అనేది. ఆ పక్కబట్ట మా దుకాణంలోది కాదట. ఈ మాట నిజమా కాదా అని నాకు ఇప్పటికీ అనుమానమే.) నలిపినా నమ్మకం కుదరకపోతే అంచు నుంచి ఒక పోగు లాగి అగ్గిపుల్లతో అంటిస్తాం. పట్టయితే వెంట్రుక కాలిన వాసన వస్తుంది, నైలాన్ అయితే కరిగి ముద్దవుతుంది. మనుషుల నుంచి కూడా ఒక పోగు లాగి కాల్చి చూసే వీలుంటే మా పెద్దబాపు ఎప్పుడో చూసేవాడు.

అలాంటి ఇంట్లో పుట్టి నేను వెళ్లి వెళ్లి అడ్వర్టైజింగ్ కంపెనీలో చేరాను. పెద్దబాపుకు, పెద్దమ్మకు పిల్లలు లేరు. ఆయన తమ్ముడి కూతురినైన నేనే వాళ్ల చేతుల మీద పెరిగాను. నేను మూరకర్ర పట్టుకోగలిగిన నాటి నుంచీ, తన తర్వాత దుకాణంలో గల్లా మీద నేనే కూర్చుంటానని పెద్దబాపు ఊరంతా చెప్పి పెట్టుకున్నాడు. నాకేమో డిగ్రీ చదివే రోజుల్లోనే ఆ నాఫ్తలీన్ ఉండల వాసన, దుకాణంలో గిరాకీలను కూర్చోబెట్టే ఆ తెల్ల పరుపు, ఆ "రాన్రి, కూసోన్రి" అంటే ఒళ్లు మండేది. అద్దాల మేడలో, చల్లటి గదిలో, రంగు రంగుల కుర్చీలో కూర్చుని మాటలు రాసే ఉద్యోగం దొరికేసరికి ఎగిరి గంతేశాను. "మంది సరుకును మంది ముందట పొగుడుతవు. దానికి జీతం గూడ ఇస్తరా?" అని పెద్దబాపు చాలా రోజులు నా జీతాన్నే అనుమానించాడు.

అట్లాంటి మనిషికి ఉన్నట్టుండి టీవీ మీద మనసు పడింది. పెళ్లికొడుకుల బట్టలు మా దుకాణం ప్రత్యేకత. షేర్వానీలు, కుర్తాలు, జరీ అంచు శాలువాలు. కానీ మూసీ మీది నయాపూల్ దాటి అటువైపు పెద్ద పెద్ద మాల్స్ వచ్చాక, అటు వెళ్లిన గిరాకీ మళ్లీ ఇటు రావడం మానేసింది. ఇక లాభం లేదని మా బట్టలకు ఒక పేరు పెట్టి, బ్రాండ్ చేసి, దేశం నోరు తెరుచుకుని చూసేంత పెద్ద యాడ్ తీయించాలని ఆయన నిర్ణయించుకున్నాడు. నేను పనిచేసే కంపెనీకే ఆ పని ఇస్తానన్నాడు. నేను పొంగిపోయాను. మా కంపెనీ నాకంటే ఎక్కువ పొంగిపోయింది. అయితే ఆయన షరతు లేకుండా దండం కూడా పెట్టే మనిషి కాదు. దేవుడి గూటి ముందు, పెద్దమ్మ సాక్షిగా నన్ను నిలబెట్టాడు.

"జిమ్మేదారి నీది బిడ్డా. టీవీల కనవడ్డ బట్టకు, నా దుకాణంల ఉన్న బట్టకు పోగంత తేడా వచ్చినా తెల్లారి నుంచి నీ నౌకరి బంద్. వచ్చి గల్లా మీద కూసోవాలె. మంజూరేనా?"

"మంజూరే పెద్దబాపు" అన్నాను. అప్పటికి మాటలు రాయడమే తప్ప యాడ్స్ ఎలా తీస్తారో నాకు తెలియదు. తెలిసి ఉంటే ఆ మాట అనేదాన్ని కాదు.

మా కంపెనీ తెచ్చిన డైరెక్టరు బెజవాడ వైపు ఆయన. ఇంట్లో, బయట, భోజనం దగ్గర, ఎక్కడా నెత్తి మీద టోపీ తీసేవాడు కాదు. అందుకని మేము ఆయనను టోపీ భాయ్ అనుకునేవాళ్లం. మొఘల్‌పురాలోని మా ఇంటికి కథ చెప్పడానికి వచ్చిన రోజున పెద్దబాపు నన్ను పక్కకు పిలిచి, "టోపీ పెట్టుకుంటె పెట్టుకున్నడు, మనకు పెట్టకుంటె చాలు" అన్నాడు. టోపీ భాయ్ మాత్రం సోఫా అంచున కూర్చుని చేతులు గాల్లో తిప్పుతూ అద్భుతంగా చెప్పాడు. పెళ్లికొడుకు పాతబస్తీ గల్లీలో నడుస్తుంటాడు. గాలి వీస్తుంది. భుజం మీది శాలువా ఎగురుతుంది. ఎగిరి పెరుగుతుంది. మిద్దెల మీదుగా, మూసీ మీదుగా, చార్మినార్ మీదుగా పరుచుకుని చివరకు ఊరంతా ఆ శాలువా నీడలోకి వస్తుంది. పావురాలు జరీ పోగులై దాని అంచులో కలిసిపోతాయి. పెళ్లికొడుకు గుర్రమెక్కి నీళ్ల మీద వెళ్లిపోతాడు. నాకైతే వింటుంటేనే రోమాలు నిక్కబొడుచుకున్నాయి. పెద్దబాపు ముఖంలో ఏ మార్పూ లేదు.

"చార్మినార్ దగ్గర గిదంత చేయనిస్తరా?" అని అడిగాడు.

"అక్కడ అవసరమే లేదండీ. చార్మినార్ని మేమే కంప్యూటర్లో కట్టేస్తాం. రాయి రాయీ."

"మా మిద్దె ఎక్కితె కనవడ్తది. ఉన్నదాన్ని పక్కకు పెట్టి లేనిదాన్ని కట్టుడెందుకు?"

"జనం, వైర్లు, వెలుతురు, చాలా ఇబ్బందులు సర్. కంప్యూటర్ అయితే మన చెప్పుచేతల్లో ఉంటుంది."

"మరి గుర్రం?"

"అదీ కంప్యూటరేనండీ."

"పావురాలు?"

"అవీ."

వంటింటి గుమ్మంలో నిలబడి వింటున్న పెద్దమ్మ, "మరి పిల్లేది?" అని అడిగింది. పిల్ల లేదని, కథలో పెళ్లికొడుకు ఒక్కడే ఉంటాడని టోపీ భాయ్ చెప్పాడు. పెద్దమ్మ ఆయనను జాలిగా చూసి లోపలికి వెళ్లిపోయింది. పెద్దబాపు తన కుర్చీని నా వైపు తిప్పుకున్నాడు. తర్వాత ఆయన్ను వదిలేసి నాతో అన్నాడు. "అన్నీ నకలే అయినంక, నా బట్టొక్కటి అసలుదంటె ఎవరు నమ్ముతరు బిడ్డా?"

దానికి నా దగ్గర జవాబు లేదు. లేకపోయినా, "నేనున్న కద పెద్దబాపు" అన్నాను. (జవాబు లేనప్పుడు గట్టిగా మాట్లాడాలన్నది మా ఆఫీసులో నేర్పిన మొదటి పాఠం.) సరే అని ఆయన ఒప్పుకున్నాడు గానీ ఇంకో షరతు కలిపాడు. షూటింగ్ ఏ స్టూడియోలోనో కాదు, మొఘల్‌పురాలోని మా గోదాములోనే, తన కళ్ల ముందే జరగాలి. నకళ్లు చేసేవాళ్ల చేతికి అసలు బట్ట ఒంటరిగా వెళ్లకూడదు. బట్టలకు కాపలాగా మా దుకాణంలో ఏళ్ల తరబడి షేర్వానీలు కుడుతున్న దర్జీ మాస్టర్ సాబ్ కూర్చుంటాడు.

షూటింగ్ మొదటి రోజు పొద్దున్నే నల్ల అద్దాల వ్యాన్లు గల్లీలో వరుసగా ఆగేసరికి ఇన్‌కమ్ టాక్స్ వాళ్లు వచ్చారని పుకారు లేచింది. ఎదురింటి బంగారం వ్యాపారి షట్టర్ సగానికి దించి, దాని కింద నుంచి మమ్మల్నే చూస్తూ కూర్చున్నాడు. యాడ్ తీస్తున్నామని నేను వెళ్లి చెబితే, "హౌ, హౌ, యాడే" అని అవునవునన్నట్టు తల ఊపి, కన్ను కొట్టి షట్టర్‌ను మిగతా సగం కూడా దించేశాడు. లోపల గోదాము ఖాళీ చేసి, ఒక గోడ నుంచి ఇంకో గోడ దాకా, పైనుంచి కింద నేల మీద దాకా ఆకుపచ్చ గుడ్డ వేలాడదీశారు. కెమెరాకు కనిపించే ఆ ఆకుపచ్చను తర్వాత తీసేసి ఆ జాగాలో చార్మినార్‌ను, ఆకాశాన్ని పెడతారన్నమాట. పెద్దబాపు వచ్చి దాని ముందు నిలబడ్డాడు. బొటనవేలు, చూపుడువేలు వాటంతట అవే ముందుకు వెళ్లాయి. నలిపాడు. ముఖం చిట్లించాడు. అంచు నుంచి పోగు లాగాడు. నేను "పెద్దబాపు, వద్దు" అనేలోపే అగ్గిపుల్ల గీశాడు. పోగు కరిగి ముద్దయింది. షూటింగ్ వాళ్లలో ఒకాయన నీళ్ల బకెట్ పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు.

"నైలాన్" అన్నాడు పెద్దబాపు, శవపరీక్ష చేసిన డాక్టరులాగా. "నా పట్టు శాలువా ఎనుక నైలాన్ పర్దానా?"

అది టీవీలో కనిపించదని చెప్పాను. "కనవడనిదాన్ని గింత పెద్దగ కట్టుడెందుకు?" అన్నాడు. ఈసారి నా దగ్గర జవాబు ఉంది గానీ అంతలో మధ్యాహ్నం భోజనాలన్నారు. షూటింగ్ వాళ్లంతా బయటి పందిట్లోకి వెళ్లారు. పెద్దమ్మ ఇంటి నుంచి సర్వపిండి పట్టుకొస్తే నేనూ వెళ్లాను. గోదాములో పెద్దబాపు, బట్టల కాపలా ఉన్న మాస్టర్ సాబ్ మాత్రమే మిగిలారు. కొంపలంటుకునేది ఎప్పుడూ ఇలాంటి భోజనాల వేళల్లోనే.

ఇక్కడ మా వ్యాపారపు పద్ధతి ఒకటి చెప్పాలి. మిల్లు నుంచి వచ్చే తానులో ఎక్కడైనా పోగు తెగినా, మరక పడినా, ఆ చోటు తెలిసేలా ఒక చిన్న పట్టీ అంటించి పంపుతారు. ఇక్కడ దెబ్బ ఉంది, చూసుకో అని కొనేవాడికి చెప్పడమన్నమాట. మా భాషలో దాన్ని డ్యామేజ్ అంటాం. పట్టీ కనిపిస్తే చాలు, మా వాళ్ల చేయి అక్కడికే పోతుంది. ఆ ఆకుపచ్చ గుడ్డ నిండా, జానెడు దూరంలో ఒకటి చొప్పున, చిన్న చిన్న తెల్ల పట్టీలు అడ్డంగా నిలువుగా అంటించి ఉన్నాయి. కెమెరా కదిలినప్పుడు ఎటు కదిలిందో కంప్యూటర్‌కు తెలియడానికి గ్రాఫిక్స్ ఆయన పొద్దుటి నుంచి నిచ్చెన ఎక్కి దిగి, కొలుచుకుంటూ అంటించిన గుర్తులవి. ఆయన పేరు ఏదైతేనేం, దూరానికి చుక్కల్లా కనిపించే ఆ పట్టీల వల్ల మేము చుక్కల సార్ అనేవాళ్లం.

భోజనం చేసి తిరిగి వచ్చేసరికి పెద్దబాపు నిచ్చెన మీద ఉన్నాడు. మాస్టర్ సాబ్ కింద నిచ్చెన పట్టుకుని నిలబడి ఉన్నాడు. గుడ్డ మీద ఒక్క పట్టీ లేదు. తీసిన పట్టీలన్నీ నిచ్చెన మెట్లకు వరుసగా అంటించి ఉన్నాయి.

"అరే బిడ్డా, మోసం" అన్నాడు పెద్దబాపు పైనుంచే. "గిన్ని డ్యామేజులున్నయని ఒక్కొక్కటి పీకి చూసిన. ఒక్క జాగల పోగు తెగలే. మరక లేదు. మంచిగున్న గుడ్డకు డ్యామేజ్ పట్టీలెందుకు అంటిచ్చిన్రు? కుచ్ తో హై."

"కాలా హై సేట్ సాబ్, దాల్ మే" అని, పప్పులో ఏదో నలుపుందన్న సామెతను కింద నుంచి పూర్తి చేశాడు మాస్టర్ సాబ్.

చుక్కల సార్ లోపలికి వచ్చి ఆ గుడ్డను చూసి కుర్చీలో కూలబడ్డాడు. తర్వాత తేరుకుని, తమ పోటీ స్టూడియో వాళ్లు మనిషిని పెట్టి చేయించారని టోపీ భాయ్‌తో గుసగుసలాడటం మొదలుపెట్టాడు. టోపీ భాయ్ మాస్టర్ సాబ్ వైపు అదోలా చూశాడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి అన్నట్టు నేను మధ్యలో నిలబడి, ఇటువాళ్లకు డ్యామేజ్ పట్టీ సంగతి, అటువాళ్లకు కంప్యూటర్ సంగతి చెప్పాను. అంతా విన్నాక పెద్దబాపు, "అంటే డ్యామేజ్ లేని జాగల డ్యామేజ్ ఉన్నట్టు చూపిచ్చి కంప్యూటర్‌ను మోసం జేస్తున్నరు. రేపు కంప్యూటర్ మనలను మోసం జేస్తది. గంతేనా?" అన్నాడు. చుక్కల సార్ కాసేపు ఆలోచించి, ఒకరకంగా అంతేనన్నాడు. ఆయనకు మళ్లీ పట్టీలు అంటించడానికి మిగతా పగలంతా పట్టింది.

ఆ తర్వాత ఎవరినీ ఎవరూ నమ్మలేదు. అనుమానం పెనుభూతం అని ఊరికే అనలేదు. ముంబై నుంచి వచ్చిన పెళ్లికొడుకు సన్నగా ఉన్నాడని, షేర్వానీని వెనక క్లిప్పుల్లాంటి చిమ్టాలతో బిగించి ముందు నుంచి తీశారు. అది చూసి మాస్టర్ సాబ్, "మేరే సిలాయి కో చిమ్టా?" అని, తన కుట్టుకు జరిగిన అవమానానికి అన్నం మానేశాడు. "ముందట ఒకటి, ఎనుక ఒకటి. నేను చెప్పలేదా?" అని పెద్దబాపు నా వైపు చూసి తల పంకించాడు. మాస్టర్ సాబ్ పక్కనే కూర్చుని కళ్లార్పకుండా చూస్తుంటే తనకు నడక తడబడుతోందని పెళ్లికొడుకు మొరపెట్టుకున్నాడు. నేను కూడా తక్కువ తినలేదు. పెద్దబాపు కావాలనే నన్ను ఓడించి గల్లా మీద కూర్చోబెట్టడానికి ఈ లొల్లి అంతా చేస్తున్నాడని నాకు గట్టి అనుమానం పట్టుకుంది. రాత్రి అన్నం వడ్డిస్తుంటే పెద్దమ్మను అడిగాను కూడా. "ఆయనకు గంత తెలివుంటె నేను గిట్ల ఉందునా?" అంది పెద్దమ్మ. ఆ మాటనూ నేను నమ్మలేదు.

ఎట్లాగో షూటింగ్ అయిపోయింది. మా శాలువాను నాలుగు వైపుల నుంచి ఫొటోలు తీసుకున్నారు. ఆ ఫొటోలనే కంప్యూటర్‌లో ఎగిరే శాలువాకు తొడిగిస్తారట. తర్వాత పని చుక్కల సార్ మనుషులు వేరే ఊళ్లో చేశారు. వాళ్లు అప్పుడప్పుడు పంపే ముక్కల్లో అంతా బూడిద రంగే. బూడిద రంగు చార్మినార్ మీద బూడిద రంగు శాలువా ఎగిరేది. రంగులు, జరీ, ఎండ అన్నీ చివర్లో కంప్యూటరే కలిపి వండుతుందని, ఆ వంటకే చాలా రోజులు పడుతుందని చుక్కల సార్ చెప్పాడు. పెద్దబాపుకు ఆ బూడిద ముక్కలు చూపించకుండా దాచడానికి నేను పడ్డ పాట్లు ఇక్కడ రాయను.

యాడ్ టీవీ వాళ్లకు అందాల్సిన రోజుకు ముందు రోజు మధ్యాహ్నం టోపీ భాయ్ నుంచి ఫోన్. గొంతు తేడాగా ఉంది. "వెంటనే రండి. మీవాళ్లు ఏం చేశారో మీరే చూడండి" అన్నాడు. వెళ్లాను. పెద్ద తెర మీద యాడ్ వేశారు. వండిన యాడ్ అద్భుతంగా ఉంది. మీగడ రంగు శాలువా తెరలు తెరలుగా లేచి మిద్దెలు దాటుతోంది, మూసీ దాటుతోంది. సరిగ్గా చార్మినార్ మీదికి వచ్చేసరికి, శాలువా కొసతో పాటు, నిండు చంద్రుడంత పసుపుపచ్చటి మచ్చ ఒకటి ఆకాశంలో తేలుతూ వచ్చి రెండు మినార్ల మధ్య ఆగింది.

"ఏమిటండీ అది?" అన్నాడు టోపీ భాయ్. "మీ టైలరు పాన్ తింటాడా? మీ పెదనాన్నగారు ఏదైనా పరీక్ష చేశారా? యాసిడ్ లాంటిది?"

నాకు చూడగానే తెలిసిపోయింది. గుండ్రంగా మొదలై ఒకవైపు కాస్త సాగిన ఆ ఆకారం ఉంగరపు వేలి కొసది. ప్రతి పుట్టినరోజుకు, ప్రతి పండక్కి నా కొత్త గౌను కొస మీద చూసిందే. కాకపోతే ఇంత పెద్దది ఎప్పుడూ చూడలేదు. "పసుపు" అన్నాను. గదిలో అందరూ నా వైపు చూశారు. వేరే ఊళ్లో పనిచేసినవాళ్లు ముందే చూశారట గానీ అది మా బ్రాండ్ గుర్తేమో అనుకుని, పాపం, కాస్త మెరుగు కూడా పెట్టారట.

తీసేయలేమా అని అడిగాను. తీయడం క్షణం పని, తీశాక మొత్తం మళ్లీ వండాలి అన్నాడు చుక్కల సార్. వండే టైమ్ లేదు. టీవీ వాళ్లకు మాట ఇచ్చేశారు. పెళ్లిళ్ల సీజన్ ముంచుకొస్తోంది. నా కళ్ల ముందు తెల్ల పరుపు కనిపించింది. పోగంత తేడా అన్నాడు పెద్దబాపు. ఇది పోగంత కాదు, చార్మినార్ అంత. బట్ట మీద మరకంటే మా భాషలో ఏమంటారో మీకు ఇప్పటికే తెలుసు. టోపీ భాయ్ గదిలో అటూ ఇటూ తిరిగి ఒక ఉపాయం చెప్పాడు. "అడిగితే సూర్యుడని చెబుదాం." పాలచుక్కను గోటి మీద నిలబెట్టి చూసే మనిషికి సూర్యుణ్ణి అమ్మడం కుదరదని నేను చెప్పినా ఆయన వినలేదు.

మరునాడు పొద్దున్నే మా ఇంటి హాల్లో టీవీకి తగిలించి యాడ్ వేశారు. పెద్దబాపు టీవీకి ఎదురుగా కుర్చీలో, మాస్టర్ సాబ్ గుమ్మం దగ్గర స్టూలు మీద, పెద్దమ్మ వంటింటి తలుపు పక్కన. నేను దేవుడి గూటి కింద నిలబడ్డాను, ఎందుకైనా మంచిదని. గల్లీ వచ్చింది, పెళ్లికొడుకు నడిచాడు, పావురాలు జరీ అయ్యాయి. శాలువా చార్మినార్ మీదికి వచ్చింది. పసుపు మచ్చ వచ్చింది. గుర్రం నీళ్ల మీద వెళ్లిపోయింది.

"ఎనుకకు తిప్పున్రి" అన్నాడు పెద్దబాపు.

తిప్పారు.

"గక్కడ ఆపున్రి. గదేంది?"

"సూర్యుడు సర్" అన్నాడు టోపీ భాయ్. "సూర్యోదయం. కొత్త జీవితానికి గుర్తు."

"సూర్యుడు బట్టకొసకు అంటుకొని ఉంటడా?"

టోపీ భాయ్ తేలు కుట్టిన దొంగలా టోపీని కళ్ల మీదికి లాక్కున్నాడు. పెద్దబాపు లేచి టీవీ దగ్గరికి వెళ్లాడు. బొటనవేలు, చూపుడువేలు తెర మీద ఆ మచ్చకు ఆనించి మెల్లగా రుద్దాడు. అద్దం మీద ఏం తెలుస్తుందో ఆయనకే తెలియాలి. ఇప్పుడంటాడు, ఇప్పుడంటాడు అని నేను ఆ డ్యామేజ్ అన్న మాట కోసం చెవులు మూసుకోకుండా మూసుకుని నిలబడ్డాను. ఆయన ఆ మాట అనలేదు. వెనక్కి తిరగకుండానే పెద్దమ్మను పిలిచాడు.

"ఇగో, ఇటు రా. గిది నువ్వు పెట్టినవా?"

పెద్దమ్మ కొంగుకు చేతులు తుడుచుకుంటూ వచ్చి చూసింది. "నేనే పెట్టిన. ఆ పొద్దు సర్వపిండి పట్టుకొచ్చినప్పుడు, మీరిద్దరు నిచ్చెన కాడ ఆ పచ్చగుడ్డ పట్టీలు పీకుతున్నరు గద, అప్పుడు పెట్టిన. కొత్త బట్టాయె. పెండ్లికొడుకు వేసుకునేది. పాపం వానికి తల్లి పక్కన లేకపాయె, పిల్ల గూడ లేదాయె. పసుపన్న పెట్టకుంట ఎట్ల తొడిగిస్తరు? తప్పా?"

పెద్దబాపు మళ్లీ వేయమన్నాడు. మళ్లీ వేశారు. మూడోసారి కూడా చూసి, కుర్చీలో వెనక్కి వాలాడు.

"గుర్రం నకలు. పావురాలు నకలు. పుట్టినకాంచి చూస్తున్న చార్మినార్, అది గూడ నకలే" అన్నాడు. "గిదొక్కటే మా ఇంట్లది." టోపీ భాయ్ వైపు తిరిగాడు. "దీన్ని తీసేస్తిరా, మిగిలిందంత నాకు వద్దు."

నాకు ఏడుపు వచ్చింది, నవ్వూ వచ్చింది, రెండూ ఒకేసారి వస్తే ముఖం ఎలా ఉంటుందో పెద్దమ్మ నన్ను చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకున్న తీరును బట్టి తెలిసింది. టోపీ భాయ్ మొదటిసారి టోపీ తీసి చెమట తుడుచుకున్నాడు. నున్నటి బట్టతల. పెద్దబాపు దాన్ని కాసేపు పరిశీలించి, "గందుకా" అని, ఎన్నాళ్లుగానో పట్టుకున్న ఒక అనుమానం తీరిన మనిషిలా తృప్తిగా నిట్టూర్చాడు.

యాడ్ వచ్చింది. గుర్రం గురించి, పావురాల గురించి అడిగినవాళ్లను నేను వేళ్ల మీద లెక్కపెట్టగలను. పెళ్లికొడుకుల తల్లులు మాత్రం నయాపూల్ దాటి మళ్లీ ఇటు వచ్చారు. "టీవీల పసుపు పెట్టిన్రు గద, గా శాలువా చూపియ్యున్రి" అని అడిగేవాళ్లు. అట్లా వచ్చిన ఒకావిడ, పక్కన ఉన్న కోడలు అదంతా కంప్యూటర్ మాయ అత్తమ్మా అంటుంటే, "కంప్యూటర్ బట్టకు పసుపెవరు పెడ్తరే?" అని కసిరింది. పెద్దబాపు గల్లా మీద కూర్చుని విన్నాడు. ఆ సాయంత్రం నన్ను దుకాణానికి పిలిపించి, తలుపు దగ్గరికి వేసి, గొంతు తగ్గించి అడిగాడు. "నిజం జెప్పు బిడ్డా. గిది మీ కంపెనీ ఐడియానే గద? పెద్దమ్మతోని చెప్పి పెట్టిచ్చిన్రు గద?" కాదని దేవుడి మీద ఒట్టేసి చెప్పాను. నమ్మలేదు. (టోపీ భాయ్ ఆ తర్వాత ఎక్కడ మాట్లాడినా అది తన ఐడియానే అని చెప్పుకున్నాడని విన్నాను. అది పెద్దబాపు చెవిన పడ్డాక నా ఒట్టుకు ఉన్న కాస్త విలువా పోయింది.)

పందెం నేను గెలిచాను. ఉద్యోగం నిలిచింది, అద్దాల మేడలో ఇంకా చాలా ఏళ్లు మాటలు రాశాను. అయినా చివరికి నా అంతట నేనే వచ్చి ఈ గల్లా మీద కూర్చున్నాను. ఎందుకని అడిగితే సరిగ్గా చెప్పలేను. పట్టుకు, నైలాన్‌కు ఒకే మాటలు రాయడం విసుగొచ్చింది అనుకుంటాను. నాఫ్తలీన్ ఉండల వాసన ఇప్పుడు బాగానే ఉంది. పెద్దమ్మ లేదు. పెద్దబాపు వెనక గదిలో వాలుకుర్చీలో ఉండి, నేను మూసిన గల్లాకు తాళం పడిందో లేదో లాగి చూస్తుంటాడు.

మొన్న ఒక కుర్రాడు కొత్త యాడ్ తెచ్చి తన ఫోన్‌లో చూపించాడు. పెళ్లికొడుకు, పిల్ల, ఊరేగింపు, మా బట్టలు అన్నీ ఉన్నాయి. మేము బట్ట పంపలేదు కదా అంటే, అక్కర్లేదు మేడమ్, ఇదివరకటి ఫొటో ఒకటి చాలు, మనుషులు కూడా అక్కర్లేదు, మొత్తం కంప్యూటరే అన్నాడు. చాలా బాగుంది. ఎంత బాగుందంటే నా బొటనవేలూ చూపుడువేలూ ఆ ఫోన్ అద్దం మీద రుద్దుకుంటున్నాయని వాడు నవ్వు ఆపుకుంటుంటే గానీ నాకు తెలియలేదు. "పసుపు లేదు" అన్నాను. "ఒక్క నిమిషం మేడమ్, పెట్టేస్తా. ఏ కొసకు పెట్టమంటారు?" అన్నాడు, మంచి మనసుతోనే.

వాణ్ణి ఆగమని, బీరువాలోంచి ఒక శాలువా తీశాను. గల్లా పైన దేవుడి పటం దగ్గరున్న పసుపు భరిణెలో చుక్క నీళ్లు వేసి, ఉంగరపు వేలితో శాలువా కొసకు పెట్టి, దీన్ని తీసుకెళ్లి ఫొటో తీసుకో బిడ్డా అని ఇచ్చాను. వాడికి ఏమీ అర్థం కాలేదు, అయినా తీసుకున్నాడు. వెనక గదిలోంచి పెద్దబాపు ఇటు పట్టుకురమ్మన్నాడు. శాలువాను నలిపి చూశాడు. అది సరేనన్నట్టు తల ఊపి, కొస పైకెత్తి, "పసుపు అసలుదేనా బిడ్డా, కల్తీ కలిపిందా?" అని అడిగాడు.

"అసలుదే పెద్దబాపు" అన్నాను. పెట్టేముందు నేను వాసన చూసే పెట్టాను.